డెబ్బై ఎనిమిదిన్నర ఎకరాలు

“నాకు మతి పోతోందో, నన్నెవరైనా మోసం చేశారో, రెంటిలో ఏదో ఒకటి తేల్చి చెప్పండి. ఏదైనా ఫరవాలేదు. తెలియకపోవడమే భరించలేకుండా ఉన్నాను.”

నళిని కోటు కూడా విప్పకుండానే ఈ మాట అన్నారు. ఆవిడ బూట్లకు అంటుకున్న మంచు కరిగి, గుమ్మం దగ్గరి కార్పెట్ మీద చిన్న మడుగు కట్టింది. నోవైలో, ఒక దంతవైద్యుడి క్లినిక్ మీది అంతస్తులో ఉన్న ఆ ఆఫీసుకు భయపడుతూ వచ్చేవారు కొత్తేమీ కాదు. అయితే తన మీద తానే నేరం మోపుకొంటూ వచ్చినవారిని చంద్రిక చూడడం ఇదే మొదటిసారి.

శేషగిరి ఆవిడకు కుర్చీ చూపించారు. ఆయన రసాయనశాస్త్రం చదివి, ఇరవయ్యారేళ్ళు ఒక బీమా కంపెనీలో ఇళ్ళు ఎందుకు తగలబడ్డాయో చెప్పే ఉద్యోగం చేసి, రిటైరైన ఏడాదే డిటెక్టివ్ లైసెన్సు తీసుకున్నారు. చంద్రిక అంతకుముందు కార్ల బ్రేకులు పరీక్షించే ల్యాబులో పనిచేసేది. ల్యాబు మూతపడ్డాక ఆయన దగ్గర చేరింది. ఏ మాటనైనా నమ్మేముందు ఒక క్షణం చేతిలో పట్టుకుని బరువు చూసినట్టు ఆగే ఆయన పద్ధతి ఆమెకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

“మొదటినుంచీ చెప్పండి,” అన్నారాయన.

నళిని చెప్పారు. ఆవిడ భర్త డాక్టర్ దామోదర్, ఓహైయో తూర్పున ఒక చిన్న ఊళ్ళో ప్రాక్టీసు చేసిన రోజుల్లో పొలం ఒకటి కొన్నారు. నోవైకి మారేటప్పుడు దాన్ని అమ్మేశారు. కానీ నేల కింద ఉండే చమురు, గ్యాసు హక్కులు మాత్రం తనకే ఉంచుకున్నారు. ఈ దేశంలో నేల ఒకరిది, దాని కిందది మరొకరిది కావచ్చు.

“పైన మట్టి వాళ్ళది, కింద రాయి మాది అనేవారు ఆయన. మేం నవ్వేవాళ్ళం. నిరుడు ఆయన పోయాక ఆ రాయి నా పేరు మీదికి వచ్చింది. ఎనభై ఎకరాలంటారు అందరూ. అసలు లెక్క డెబ్బై ఎనిమిదిన్నర. మిగిలిన ఎకరంన్నర కౌంటీ వాళ్ళు ఎనభై తొమ్మిదిలో రోడ్డుకి తీసుకున్నారు.”

శేషగిరి చంద్రిక వైపు ఒకసారి చూశారు. ఆమె రాసుకుంది.

“మొన్న వేసవిలో ఒక కంపెనీ ఆ మినరల్ రైట్స్ కొంటానంది. సగం అమ్మి, సగం మా అమ్మాయి అవని కోసం ఉంచుదామనుకున్నాను. మూడు పేజీల డీడ్, అదే అమ్మకం దస్తావేజు, వచ్చింది. చదివాను. మొదటి పేజీలో సగం వాటా అని స్పష్టంగా ఉంది. బ్యాంకులో నోటరీ ఎదురుగా చివరి పేజీ మీద సంతకం పెట్టాను. డబ్బు వచ్చింది. క్రిస్మస్ సెలవులకి అవని తను ఉద్యోగం చేసే ఫ్రీమాంట్ నుంచి వచ్చి, కౌంటీ వెబ్‌సైట్‌లో రికార్డయిన కాపీ తీసి చూపించింది. అందులో మొత్తం వాటా అని ఉంది. కింద సంతకం నాదే.”

“మీరేమన్నారు?”

“నేను పెట్టింది ఇది కాదన్నాను. అది నా మొహంలోకి చూసి, ‘అమ్మా, ఇట్స్ ఓకే’ అంది.” ఆవిడ చేతిసంచీని ఒళ్ళోకి లాక్కున్నారు. “ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పానండీ. పిల్లలు లెక్క తప్పుచేస్తే నేనూ అలాగే అనేదాన్ని. వచ్చే గురువారం నాకు మెమరీ టెస్ట్ బుక్ చేసింది. అందులో ఏదైనా తేడా వస్తే ఇల్లు అమ్మేసి నన్ను ఫ్రీమాంట్ తీసుకెళ్తుందట. నా సంతకాలు ఇక అది పెడుతుందట.”

“సంతకం పెట్టాక ఆ డీడ్ ఎవరెవరి చేతుల్లోకి వెళ్ళింది?”

“మా మరిది కొడుకు ఆరుష్ నాతోనే ఉంటున్నాడు. డీడ్ ప్రింట్ తీసి స్టేపుల్ చేసి ఇచ్చింది వాడే. సంతకమయ్యాక కవరు వాడికే ఇచ్చాను, రాజీవ్ గారి ఆఫీసులో ఇమ్మని. ఆయన మా ట్యాక్సులు చూస్తారు, పన్నెండేళ్ళుగా. ఆయన కాపీ ఉంచుకుని, ఒరిజినల్ కంపెనీకి పోస్ట్ చేశారు.”

“ఈ కొనుగోలు కుదిర్చింది ఎవరు?”

“ఒక మధ్యవర్తి సంస్థ. అంతా ఈమెయిల్లోనే. మనిషిని చూడలేదు. ఆరుష్ ఏదో తెలుగు గ్రూపులో ప్రకటన చూసి చెప్పాడు. రాజీవ్ గారు కూడా మంచివాళ్ళే అన్నారు.”

నళిని వెళ్ళిపోయాక చంద్రిక ఉండబట్టలేక అడిగింది. “ఆవిడకి మతిమరుపు లేదు కద సర్?”

“ఎకరంన్నర సంగతి గుర్తున్నవాళ్ళు సంతకం సంగతి మరిచిపోకూడదని రూలేమీ లేదు, చంద్రికా. మనకి ఆవిడ మీద జాలి కలిగింది. జాలి సాక్ష్యం కాదు.”

మర్నాడు వారు నళిని ఇంటికి వెళ్ళారు. అవని తలుపు తీసింది. ముప్పై ఏళ్ళ అమ్మాయి, నిద్ర చాలని కళ్ళు.

“అంకుల్, నేను బ్యాడ్ డాటర్ కాదు,” అంది, అడగకముందే. “అమ్మ మర్చిపోతుంది అని నాకు ముందే తెలుసు. రాజీవ్ అంకుల్ అక్టోబర్‌లోనే కాల్ చేసి చెప్పారు. అమ్మ ఒకటే క్వశ్చన్ రెండు సార్లు అడిగింది అంట.”

“మీరు స్వయంగా ఏదైనా గమనించారా?”

అవని ఆలోచించింది. “కీస్ ఎక్కడో పెట్టింది, వన్స్. కానీ నేను కూడా పెడతాను.”

శేషగిరి దామోదర్ గదిలో ఉన్న కాగితాలన్నీ చూడాలన్నారు. ఆ పని చంద్రికకు అప్పగించి, ఆయన అల్మరా ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలుచున్నారు. డాక్టరుగారి బల్ల పక్కన చిన్న దేవుడి పటం, దాని ముందు ఇత్తడి పసుపు భరిణె. భరిణె మూతను ఆయన వేలితో తాకి, వేలి కొసన అంటిన దుమ్మును చూసి, రుమాలుతో తుడుచుకున్నారు.

చంద్రిక ముందు రెండు దొంతరలున్నాయి. ఇంటి దస్తావేజు, బీమా పత్రాలు, వీలునామా, పన్నెండేళ్ళ ట్యాక్సు పత్రాలు ఒక దొంతర. ప్రతి దాని మొదటి పేజీకీ నాలుగు మూలలా పసుపు బొట్లు. ఆమెకు నవ్వొచ్చింది. ఆమె తల్లి కూడా శుభలేఖలకు ఇలాగే పెట్టేది. ఇంటావిడ అలవాటై ఉంటుందనుకుంది. దామోదర్ పోయాక వచ్చిన పెన్షను ఫారాలు, కారు యాజమాన్య పత్రం రెండో దొంతర. అవి తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. రెంటినీ తేదీలవారీగా సర్ది ఆమె లేచింది.

ఆరుష్ బేస్‌మెంట్‌లో దొరికాడు. ల్యాప్‌టాప్ తెరమీద ఉద్యోగ దరఖాస్తు సగంలో ఉంది.

“లేఆఫ్ అయ్యి నలభై ఒక్క రోజులండీ. ఉద్యోగం పోతే నా వీసా మీద ఈ దేశంలో ఉండనిచ్చేది అరవై రోజులే. ఇంకా పంతొమ్మిది రోజుల్లో జాబ్ దొరక్కపోతే సామాను సర్దుకోవాలి.” అతను నవ్వడానికి ప్రయత్నించాడు. “నేనే చేసుంటానని అవని అనుకుంటోంది. డైరెక్ట్‌గా అనదు. నా ముందు పర్సు మాత్రం టేబుల్ మీద ఉంచడం మానేసింది.”

“కవరు మీ చేతికొచ్చిన రోజే రాజీవ్ గారికి ఇచ్చారా?”

ఆరుష్ తల దించుకున్నాడు. “లేదండీ. మా కంపెనీలో అప్పటికే లేఆఫ్‌ల మాట వినిపిస్తోంది. ఆ రోజు వేరేచోట ఇంటర్వ్యూ కాల్ వచ్చింది, కారులోనే మర్చిపోయాను. మర్నాడు సాయంత్రం ఇచ్చాను. పెద్దమ్మకి చెప్పలేదు.”

బయటికి రాగానే చంద్రిక అంది: “ఒక రోజంతా కవరు ఇతని దగ్గరుంది. ప్రింటరూ ఇతనిదే. డబ్బు అవసరమూ ఇతనికే.”

“అవసరం లేని మనిషిని ఈ ఊళ్ళో ఒక్కరిని చూపించు,” అన్నారు శేషగిరి కారు మీద మంచు గీకుతూ.

దారిలో బ్యాంకు దగ్గర ఆగారు. నోటరీగా ఉన్న ఉద్యోగినికి నళిని గుర్తున్నారు. నోటరీ మాత్రం మొదటి రెండు పేజీలూ చదవలేదు. స్టేపుల్ వేసి ఉన్న కాగితాలను తిప్పి, చివరి పేజీ మీదే ముద్ర వేసింది. నోటరీ చూసేది మనిషి, సంతకమేనని, పైన ఏం రాసి ఉందో కాదని నిర్మొహమాటంగా చెప్పింది.

రాజీవ్ తన ఆఫీసులో వారికి టీ తెప్పించాడు. గోడ మీద ఏవో సంఘాలవారు ఇచ్చిన షీల్డులున్నాయి.

“పాపం నళిని గారు. డాక్టర్‌గారు ఉన్నప్పుడు ఎంత షార్ప్‌గా ఉండేవారండీ! ఆరుష్ కవరు తెచ్చాడు, నేను స్కాన్ చేసుకుని పోస్ట్ చేశాను. నా కాపీ కూడా ఇదిగో, చూడండి. మొత్తం వాటా అనే ఉంది. నాకు వచ్చింది ఇదే.”

“అందులో సగం వాటా ఉండాలని మీకు తెలియదా?”

“నేను ట్యాక్సులు చూసేవాణ్ణి సార్. క్లయింట్ ఏం అమ్ముకుంటే నాకెందుకు?” అతను చేతులు చాచాడు. “చదవాలనుకుంటే నేను లాయర్ అయ్యేవాణ్ణి.”

ఆ కాపీ నలుపు తెలుపుల్లో ఉంది. మూలల్లో మసక మరకల్లాంటివి కనిపించాయి. శేషగిరి దాన్ని కిటికీ వెలుతురులో కాసేపు చూసి, థాంక్స్ చెప్పి తిరిగి ఇచ్చేశారు.

ఒరిజినల్ చూడడానికి నాలుగు గంటలు డ్రైవ్ చేసి ఓహైయో వెళ్ళారు. ఆ కంపెనీ ప్రతినిధి వేన్ కార్వర్ పొడుగాటి, నెమ్మదైన మనిషి. తగాదా ఉన్న హక్కు తమకు పనికిరాదనీ, నిజం తేలితే తమకే మంచిదనీ చెప్పి డీడ్ బల్ల మీద పెట్టాడు.

“మొదట మొత్తానికీ ధర చెప్పాం,” అన్నాడతను. “తర్వాత సగమే అమ్ముతుందని మధ్యవర్తి మెయిల్ రాశాడు. ఆ ధరలో సగం ఇచ్చి సగం వాటా కొంటున్నట్టు డీడ్ పంపాం. తిరిగొచ్చిన దాంట్లో మొత్తం వాటా ఉంది. అదే సగం ధరకి. ఆమె మనసు మార్చుకుందని మధ్యవర్తి రాశాడు. మేం సంతోషించాం. తక్కువకి కుదిరిస్తే మిగిలిన దాంట్లో మూడో వంతు మధ్యవర్తికి ఇవ్వడం మా పద్ధతి.”

“ఆ మధ్యవర్తి ఎవరు?”

“ఒక కంపెనీ పేరు, ఒక పోస్టు బాక్సు. వెనక ఎవరున్నారో నాకు తెలియదు.”

శేషగిరి కర్టెన్లు మూయించి, జేబులోంచి అల్ట్రావయొలెట్ టార్చి తీశారు. రెండో పేజీ, మూడో పేజీ మసకగా, ఊదారంగులో కనిపించాయి. మొదటి పేజీ మాత్రం కొత్తగా ఉతికిన తెల్ల చొక్కాలా నీలంగా మెరిసింది. దాని నాలుగు మూలలా నాలుగు పచ్చని చుక్కలు వెలిగాయి.

“పసుపు!” అంది చంద్రిక. “నళిని గారి ఇంట్లో కాగితాలన్నిటికీ ఉంది సర్. మరైతే ఈ పేజీ…” ఆమె ఆగిపోయింది. పసుపు పెట్టిన పేజీ ఇదైతే, ఆ ఇంట్లో నళిని చేతుల మీదుగా వచ్చింది ఇదేనన్నమాట. నళిని నిజంగానే మరిచిపోయారన్నమాట.

శేషగిరి స్టేపుల్ దగ్గర భూతద్దం పెట్టి చూసి, ఆమెకు అందించారు. రెండో పేజీ మూలలో నాలుగు రంధ్రాలున్నాయి. మూడో పేజీకీ నాలుగే. మొదటి పేజీకి రెండు.

“కార్వర్ గారూ, శనివారం ఉదయం ఈ కాగితంతో మీరు నోవై రాగలరా?”

శనివారం పది గంటలకు నళిని ముందుగదిలో అందరూ కూర్చున్నారు. బయట పక్కింటాయన మంచు తోసే యంత్రం మోగుతోంది. అవని తల్లి పక్కన కూర్చుంది కానీ ఆమెను తాకకుండా కూర్చుంది. ఆరుష్ మెట్ల మీద. రాజీవ్ సోఫాలో, కాలు మీద కాలు వేసుకుని. కార్వర్ గుమ్మం దగ్గరి కుర్చీలో, ఒడిలో ఫైలుతో; మాటలు ఇంగ్లీషులో చెప్పడానికి అతని పక్కనే చంద్రిక. నళిని మాత్రం కాఫీ ఇవ్వడానికి కూడా లేవలేదు. తీర్పు వినడానికి వచ్చినట్టు నిటారుగా ఉన్నారు.

“ముందు ఒక చిన్న ప్రశ్న,” అన్నారు శేషగిరి. “ముగ్గురికీ అదే ప్రశ్న. ఈ ఇంట్లో ముఖ్యమైన కాగితాలకు మూలల్లో పసుపు ఉంటుంది. ఎవరు పెట్టేవారు? రాజీవ్ గారూ?”

రాజీవ్ నవ్వాడు. “ఇంకెవరు, నళిని గారే కదా! పన్నెండేళ్ళుగా చూస్తున్నాను. ఆవిడ పసుపు పెట్టందే ఈ ఇంట్లోంచి ఒక్క పేపరూ బయటికి రాదు. ఆ డీడ్‌కీ ఉంది, కావాలంటే చూడండి.”

నళిని ఏదో అనబోయారు. శేషగిరి చెయ్యెత్తి ఆపారు. “అవనీ?”

“నాన్న,” అంది అవని వెంటనే. “నాన్న పెట్టేవారు. నా కాలేజ్ అప్లికేషన్‌కి కూడా పెట్టారు. అమ్మ చాలా కోప్పడింది, స్టెయిన్ అవుతుంది అని.”

“ఆరుష్?”

“పెదనాన్నే. మా నాన్నమ్మ అలవాటు అది. పెద్దమ్మకి అసలు నచ్చదు. డాక్టరయ్యుండి ఇదేం పిచ్చి అని ఆటపట్టించేది.”

యంత్రం చప్పుడు ఆగిపోయింది. రాజీవ్ కాలు మీది కాలు కిందికి దించాడు.

“నాకు పసుపు మహిమ మీద నమ్మకం లేదు,” అన్నారు శేషగిరి. “నమ్మకం ఉన్నవాడి చేతి మీద మాత్రం ఉంది. ఆ చేయి ప్రతిసారీ ఒకేలా కదులుతుంది. అది ఆగిన రోజు కూడా తెలిసిపోతుంది. డాక్టరుగారి గదిలో పసుపు భరిణె మూత మీద దుమ్ముంది. డాక్టరుగారు పోయాక ఈ ఇంట్లో ఏ కాగితానికీ పసుపు లేదు. చంద్రిక రెండు దొంతరలుగా సర్దింది, చూడవచ్చు. ఇప్పుడీ డీడ్.”

కార్వర్ డీడ్ ఇచ్చాడు. శేషగిరి దాన్ని అవని ముందు పెట్టి, భూతద్దం, టార్చి ఆమె చేతికిచ్చారు. “నా మాట వద్దు. మీరే లెక్కపెట్టండి.”

అవని చూసింది. చాలాసేపు చూసింది. “టూ హోల్స్. ఫోర్. ఫోర్,” అంది మెల్లగా. “కలర్ కూడా వేరే. ఫస్ట్ పేజ్ మార్చారు.”

“మార్చారు. బ్యాంకులో సంతకమయ్యేటప్పుడు కాగితాలు స్టేపుల్ వేసి ఉన్నాయని నోటరీ చెప్పింది. తర్వాత ఎవరో ఆ స్టేపుల్ ఊడదీసి, సగం వాటా ఉన్న పేజీ తీసేసి, మొత్తం వాటా ఉన్న పేజీ పెట్టి, మళ్ళీ కుట్టారు. మార్చింది కార్వర్ గారి మనుషులు కాదు. వాళ్ళకి పసుపు సంగతి తెలియదు. అవని ఫ్రీమాంట్‌లో ఉంది. ఇక మిగిలింది ఆరుష్, రాజీవ్ గారు. ఇద్దరి చేతుల్లోనూ కవరు ఉంది. ఆరుష్‌కి ఒక రోజంతా ఉంది. కానీ ఆరుష్ ఆ పని చేసి ఉంటే పసుపు పెట్టడు. పెట్టే మనిషి లేరని అతనికి తెలుసు. ఈ ఇంటి కాగితాలు మాత్రమే తెలిసి, ఇంట్లోవాళ్ళు తెలియనివాడు పెడతాడు. పేజీ ఈ ఇంట్లోంచే వచ్చిందని నమ్మించడానికి పెట్టాడు. ఇంటావిడ పని అనుకున్నాడు. తప్పు పట్టలేం, మా చంద్రిక కూడా అలాగే అనుకుంది.”

చంద్రిక చెవులు వేడెక్కాయి.

“ఇదంతా ఊహ!” రాజీవ్ లేచాడు. “పసుపుతో కేసు పెడతారా సార్? కోర్టులో నవ్వుతారు.”

“నవ్వుతారు. అందుకే పసుపును కోర్టుకి పంపను. పోస్టు బాక్సును పంపుతాను. దాన్ని ఎవరు అద్దెకి తీసుకున్నారో పోస్టాఫీసు మీకూ నాకూ చెప్పదు. కోర్టు అడిగితే చెబుతుంది. కమీషను ఏ బ్యాంకులో పడిందో కార్వర్ గారి కంపెనీ చెబుతుంది. అది మీ పేరు కాకపోతే ఇక్కడే, అందరి ముందూ క్షమాపణ చెబుతాను.”

రాజీవ్ కార్వర్ వైపు చూశాడు. కార్వర్ తల ఊపాడు. రాజీవ్ మళ్ళీ కూర్చున్నాడు. కూర్చున్నవాడు నళిని వైపు కాక, కార్పెట్ వైపు చూస్తూ మాట్లాడాడు.

“ఆవిడకి డబ్బు రాలేదా? వచ్చింది. మిగతా సగం నేల కింద ఉంది, ఎవరికి కావాలి? అవనికి ఫ్రీమాంట్‌లో మంచి జాబ్ ఉంది. ఎవరూ చూడరనుకున్నాను.”

“ఒకవేళ చూసినా ఆవిడ మాట ఎవరూ నమ్మకుండా అక్టోబర్‌లోనే ఏర్పాటు చేశారు,” అన్నారు శేషగిరి. అంతవరకూ సమంగా ఉన్న ఆయన గొంతు అక్కడ గట్టిపడింది. “సగం వాటా దొంగతనం కోర్టు చూసుకుంటుంది. ఆవిడ మతిని ఆవిడ కూతురి దగ్గర దొంగిలించారే, దానికి ఏ సెక్షనూ లేదు.”

అవని లేచి నిలబడింది. “అంకుల్ అని పిలిచాను మిమ్మల్ని,” అంది రాజీవ్‌తో. ఇంకా ఏదో అనాలనుకుంది కానీ తెలుగులో దొరకలేదు. ఇంగ్లీషులోనూ దొరికినట్టు లేదు. వెళ్ళి తలుపు తెరిచి పట్టుకుంది. రాజీవ్ బూట్లు సరిగా తొడుక్కోకుండానే మంచులోకి దిగాడు.

తర్వాతి పని లాయర్లది. సగం వాటా నళినికి తిరిగి రాసిస్తామని కార్వర్ అక్కడికక్కడే మాట ఇచ్చాడు. మంగళవారం ఆ డీడ్ వచ్చింది. నళిని శేషగిరిని, చంద్రికను కూడా రమ్మన్నారు. ఆరుష్ టీ పెట్టాడు. అవని పర్సు డైనింగ్ టేబుల్ మీద, అతని కప్పు పక్కనే ఉంది.

“నేను రెండుసార్లు చదివాను అమ్మా,” అంది అవని. “లాయర్ కూడా చదివాడు. పర్ఫెక్ట్. ఇక్కడ సైన్ చేయి.”

చంద్రిక కూడా ఒకసారి చదివింది. సగం వాటా అని ఉంది. అంతా సరిగ్గానే ఉంది.

నళిని కళ్ళజోడు సవరించుకుని మొదటి పేజీ మొదటి వాక్యం దగ్గర మొదలుపెట్టారు. పేజీ మధ్యలో ఆవిడ వేలు ఆగింది. పెన్ను తీసి ఒక అంకెను గీత కొట్టి, పైన ఇంకొకటి రాశారు.

“ఎనభై కాదు. డెబ్బై ఎనిమిదిన్నర. రోడ్డు మన దగ్గర లేదు.”

అవని కాగితం అందుకుని చూసింది. లాయరు చూడలేదు, కార్వర్ చూడలేదు, తాను రెండుసార్లు చదివినా చూడలేదు. చంద్రిక తన నోటుబుక్కులో మొదటి రోజే రాసుకున్న ఆ అంకెను తలచుకుని, తానూ చూడలేదని ఒప్పుకుంది. శేషగిరి మాత్రం టీ కప్పు వెనక ముఖం దాచుకున్నారు.

అవని ఫోన్ తీసింది. అవతల ఎవరో ఎత్తారు.

“గురువారం అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేయాలి,” అని ఇంగ్లీషులో చెప్పి, కారణం అడిగారేమో, తల్లి వైపు చూసింది. నళిని అప్పటికే, పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టు పెన్ను పట్టుకుని, రెండో పేజీలో ఉన్నారు.

“పేషెంట్‌కి టైమ్ లేదు,” అంది అవని. “షీ ఈజ్ గ్రేడింగ్.”